నెత్తి మీద పెరుగు గిన్నె

షోలాపూర్‌లో మా వాడాలో లోణత్త పెరుగు గిన్నె బోర్లించని నెత్తి లేదు.

వెన్న కోసం కొత్తగా వచ్చినవాళ్ళు పొరపాటున "పెరుగు గట్టిగ తోడుకుంటదా అమ్మా?" అని అడిగారో, అయిపోయినట్టే. ఆమె జవాబు చెప్పేది కాదు. కొంగు నడుముకు దోపుకుని లోపలికి పోయి చిన్న మట్టిగిన్నెలో పెరుగు తెచ్చేది. "నెత్తి వంచు" అనేది. వంచకపోతే వెన్న లేదు. వంచితే ఆ గిన్నెను నెత్తికి జానెడు ఎత్తున ఠక్కున బోర్లించి, అట్లాగే పట్టుకుని, పక్కింటావిడతో వంకాయల సంగతి మాట్లాడేది. కింద వంగిన మనిషికి పై ప్రాణాలు పైనే పోయేవి. చివరికి గిన్నె తిప్పుకుని "లే, బతికినవ్" అనేది. టోపీ తీసి చేత్తో పట్టుకుని వంగిన పోలీసాయనను చూశాను. పార్లర్ నుంచి సరాసరి వచ్చిన పెళ్ళికూతురిని చూశాను. ఎవరి మీదా ఒక్క చుక్క పడగా చూడలేదు.

పోయిన నెల మా చుట్టాల ఫోన్ గ్రూపులో ఒక ముసలావిడ ఫోటో వచ్చింది. కింద ఏదో పేరు, పోయారని రెండు ముక్కలు. ఎవరో దూరపు వాళ్ళనుకుని దాటేశాను. పోపు వేస్తుంటే ఆ ముక్కుపుడక గుర్తొచ్చింది. స్టవ్ ఆపి మళ్ళీ చూశాను. లోణత్త. ముప్పై ఏళ్ళకు పైగా తెలిసిన మనిషి పేరు నాకు తెలియదన్న సంగతి ఆమె పోయిన రోజున తెలిసింది. సిగ్గేసింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా పలికి ఉండేది కాదు.

మరాఠీలో వెన్నను లోణి అంటారు. జోడ్‌భావి పేట్‌లో మరాఠీ వాళ్ళు ఆమెను లోణీవాలీ అన్నారు, మేము దానికి అత్తను తగిలించాం. మరాఠీ వాళ్ళు వస్తే తెలుగులో తిట్టేది, తెలుగు వాళ్ళు వస్తే మరాఠీలో తిట్టేది. అదేమిటత్తా అంటే, "తిట్టు సమజ్ అయితే మనసు కష్టమైతది గదనే" అనేది. అందరికీ రెండు భాషలూ వచ్చునని ఆమెకు తెలియదా ఏమిటి? బాగా తెలుసు.

వెన్న రుచి చూపించడానికి అరచేతిలో పెట్టేది కాదు. చెయ్యి తిప్పించి మణికట్టు పైన పెట్టేది. "అరచెయ్యి ఉడుకు. వెన్నకు జరమొస్తది." కవ్వంతో మాట్లాడేది, బర్రెలతో పోట్లాడేది, వెన్న తొందరగా పడకపోతే కుండకు వీపు తిప్పి కూర్చునేది. "మనం చూస్తుంటె దానికి సిగ్గు. జర అటు తిరుగు" అని నన్నూ తిప్పించేది. మేమిద్దరం గోడకేసి చూస్తూ తాడు లాగేవాళ్ళం. నవ్వామంటే వెన్నకు కోపం వస్తుందట. నేను నవ్వకుండా ఉండలేకపోయేదాన్ని, నా డొక్కలో పొడిచేది.

నేను ఆ వాడాకు కోడలుగా వచ్చిన మర్నాడే ఆమె కంట పడ్డాను. ఒకే నడవా చుట్టూ ఆరు సంసారాలు, మధ్యలో ఒక నల్లా, నల్లా పక్కన ఒక పొడుగాటి అరుగు. మా ఇంట్లో మా మామగారి చేతిమగ్గం ఒకటి ఇంకా ఆడుతుండేది. ఎదురిల్లు లోణత్తది. నేను బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడితే ఆమె నా చెయ్యి లాక్కుని చూసింది. మా పుట్టింట్లో ఆడవాళ్ళందరం బీడీలు చుట్టేవాళ్ళం. ఆకు కత్తిరించీ మడిచీ నా వేళ్ళ చివర్లు పగిలి ఉండేవి. కొత్త పెళ్ళికూతురి వేళ్ళా అని నాకే ముడుచుకోవాలని ఉండేది. ఆమె లోపలికి పోయింది. గోలీకాయంత వెన్న తెచ్చి ఒక్కొక్క వేలికీ రాసి, "గోరింటాకు ఎర్రగ పండిందా అని అందరు చూస్తరు. వేళ్ళు ఎవరు చూస్తరు?" అంది. ఆ తర్వాత నెల రోజులు పొద్దున్నే ఆ గోలీకాయంత వెన్న మా గడప మీద ఆకులో ఉండేది. మా అత్తగారు అది నైవేద్యానికి పంపిందనుకుని దేవుడి ముందు పెట్టేది. నేను దేవుడికి దండం పెట్టుకుని వేళ్ళకు రాసుకునేదాన్ని.

ఆ ఇంటి వెన్న చరిత్ర చెప్పమంటే ఆమె ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్పేది. వాళ్ళ అత్తకు అత్త, తెలంగాణ నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ మగనితో షోలాపూర్ వచ్చింది. ఇంతవరకు మారదు. వినేవాళ్ళు ముసలివాళ్ళయితే ఎడ్లబండిలో వచ్చింది. కుర్రవాళ్ళయితే రైలులో. ఆడవాళ్ళుంటే చంకలో బిడ్డ ఉండేది, ఆ బిడ్డ దారి పొడుగునా ఏడ్చేది. మగవాళ్ళు మాత్రమే ఉంటే బిడ్డ మాయమై మగడికి జ్వరం వచ్చేది. కానీ అన్నింట్లోనూ ఒకటే ముగింపు. ఆ ముసలమ్మ ఊళ్ళో తన పెరుగు తోడును విడిచి రాలేక, తాను నేసిన గుడ్డముక్కను పెరుగులో ముంచి, ఎండబెట్టి, మూటలో కట్టుకుని తెచ్చింది. ఇక్కడ దిగాక గోరువెచ్చని పాలల్లో ఆ గుడ్డ వేసింది. తెల్లారేసరికి పెరుగు. ఆ పెరుగు నుంచే మొదటి వెన్న తీసి, నెత్తిన కుండ పెట్టుకుని నేతవాళ్ళ గల్లీల్లో అమ్మింది. ఆమె కోడలు రెండు బర్రెలు కొన్నది. ఆ కోడలి కోడలే మా లోణత్త. ఈమె నిలువెత్తు కవ్వం, ఇద్దరు ఎదురెదురుగా లాగే తాడు పెట్టించింది.

"గుడ్డల తోడేంది అత్తా, మస్తు కోస్తున్నవ్" అనేదాన్ని నేను.

"పాలు బర్రెవి. తోడు మనిషిది. మనిషి ఏడికి పోతె ఆడికొస్తది" అనేది. అది జవాబో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆమె దగ్గర మూడు రూళ్ళు ఉండేవి. మజ్జిగ అమ్మరాదు. మధ్యాహ్నం లోపల మగ్గాల మీద నుంచి ఎవరు వచ్చినా చెంబు నింపి పొయ్యాలి, కుండ ఖాళీ అయ్యేదాకా. తోడు అమ్మరాదు, అడిగిన వాళ్ళకు లేదనరాదు. మూడోది అన్నిటికన్నా గట్టిది. దీపాలు పెట్టాక తోడు ఒక గడప నుంచి ఇంకో గడపకు పోరాదు. ఇది అన్ని ఇళ్ళల్లో ఉన్నదే, కానీ అందరూ కాస్త చూసీ చూడనట్టు పోతారు. ఆమె పోదు. ఒకసారి ఆమె సొంత చెల్లెలు పొద్దు గూకాక గిన్నె పట్టుకుని వస్తే, నడవాలోనే నిలబెట్టి చాయ్ తాగించి ఖాళీ గిన్నెతో పంపింది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. పెళ్ళయి నాలుగు నెలలు. ఎండాకాలం. మా అత్తగారు మార్కెట్‌కు పోతూ, "అరుగు మీద కుండల గంజి ఉంది. ఆ తెల్ల చిలపలకు పట్టించి ఎండల ఆరెయ్యి. మామ పొద్దుగాల మగ్గం ఎక్కిస్తడు" అని చెప్పింది. చిలపలంటే జడల్లా చుట్టిన నూలు. దానికి పులిసిన బియ్యపు గంజి పట్టిస్తే దారం గట్టిపడి మగ్గం మీద తెగదు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది పాలు తాగినప్పుడే తెలుస్తుంది. నాకు తంబాకు తప్ప ఏమీ తెలియదు. అరుగు మీద రెండు కుండలున్నాయి. రెంటిలోనూ తెల్లగా, పల్చగా, పుల్లటి వాసన. నీడలో ఉన్నదే మనదనుకున్నాను. ఎంచక్కా పన్నెండు చిలపలూ ముంచి, పిసికి, పిండి, తాడు మీద ఆరేశాను. కుండ అడుగంటా గీకి, మట్టి పెట్టి తోమి బోర్లించాను కూడా. పనిమంతురాలినని అత్తగారు మెచ్చుకుంటుందని ఆశ.

పొద్దు వాలింది. మా అత్తగారు వచ్చి లోపల దీపం పెడుతోంది. ఒక్కొక్క గడపలోనూ దీపాలు వెలుగుతున్నాయి. లోణత్త పాలు కాచి, చల్లార్చి, తోడు కోసం అరుగు దగ్గరికి వచ్చింది.

"నా కుండేదే?"

నేను బోర్లించిన కుండను చూశాను. పక్కనే మూత పెట్టిన గంజి కుండ ఉంది. అప్పుడు అర్థమైంది. తాడు మీది చిలపల వైపు చెయ్యి చూపించాను.

ఆమె దగ్గరికి పోయి ఒక చిలపను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండకు కరకరలాడుతున్నాయవి. నేను నా బతుకు ఇక్కడితో సరి అనుకున్నాను. ఆ రోజు మజ్జిగ మధ్యాహ్నానికే అయిపోయింది. ఆ ఇంట్లో మూడు తరాల పెరుగులో మిగిలింది ఆ కుండలోనిదే. రెండు బర్రెల పాలు పొయ్యి పక్కన ఎదురుచూస్తున్నాయి. వాడాలో ప్రతి ఇంట్లో ఆమె ఇచ్చిన తోడే ఉంది. అడిగితే ఎవరూ కాదనరు. కానీ దీపాలు పెట్టేశారు. సొంత చెల్లెలిని ఖాళీ గిన్నెతో పంపిన మనిషి ఇప్పుడు ఏ గడప ముందు గిన్నె పట్టుకుంటుంది?

అంతలో మా అత్తగారు బయటికి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. "ఇదేం వాసననే? చిలపలకు ఏం పెట్టినవ్? పెరుగా? మీ అవ్వ నీకు గంజి ఏందో పెరుగు ఏందో గూడ నేర్పలేదా?"

మా అమ్మను అనేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోణత్త నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనే పెట్టుమన్న" అంది.

"నువ్వా అక్కా?"

"అవును. మా ముసలమ్మ పద్ధతి గది. నూలుకు తోడు పట్టించి ఎండబెట్టి దాచాలె. ఎండాకాలంల కుండ చెడిపోతె పనికొస్తది. నా చేతులు నొస్తున్నయని నీ కోడల్ని అడిగిన. ఒక్క చిలప చాలంటె పన్నెండు ముంచింది. లగన్ అయి నాల్గు నెలలే గదా, హుషారు."

మా అత్తగారికి అనుమానం పోలేదు. "మరి ఇప్పుడు పాలకు తోడు?"

"గిదే" అని లోణత్త ఒక చిలపను తాడు మీద నుంచి తీసింది. మా ఇద్దరి ఎదుటే, తొణక్కుండా బెణక్కుండా, దాన్ని తీసుకుపోయి పాల కుండలో ముంచింది. మూత పెట్టింది. పైన పాత చద్దరు కప్పింది. "రేపు రాండ్రి" అని తలుపు దగ్గరికి వేసింది.

నాకు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదని వేరే చెప్పాలా? తెల్లవారకముందే గడపలో కూర్చున్నాను. ఆమె పిలిచింది. వాడా ఆడవాళ్ళు నలుగురు, మా అత్తగారు అందరూ నడవాలో ఉన్నారు. చేతిలో మట్టిగిన్నె. "నెత్తి వంచు" అంది నాతో.

వంచాను. గిన్నె బోర్లించిన చప్పుడు వినిపించింది. ఆ రోజు ఆమె వంకాయల సంగతి మాట్లాడలేదు. నా మెడ మీద ఆమె రెండో చెయ్యి ఉంది. ఆ చెయ్యి వణికింది. ఎంతసేపు గడిచిందో. ఏమీ పడలేదు.

"లే పిల్లా. బతికినవ్."

మిగిలిన పదకొండు చిలపలూ మా మామగారు తిట్టుకుంటూ మగ్గమెక్కించాడు. గంజి కాదుగా, దారం గడియకోసారి తెగింది. ఆ నూలుతో నేసిన తువ్వాళ్ళు మొదటి ఉతుకు దాకా మజ్జిగ వాసన కొట్టాయి. నా సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. తెలివైన కోడలు, లోణత్త దగ్గర విద్య నేర్చుకుంటోందని వాడా అంతా పేరు వచ్చింది. విద్య నేర్చుకోక తప్పలేదు మరి. మర్నాటి నుంచి తెల్లవారుజామున కవ్వం తాడు రెండో కొస నా చేతిలో పెట్టింది. శిక్ష అనుకున్నాను. ఆ తాడు నా చేతుల్లో పదమూడేళ్ళు ఉంది. అంత సంతోషంగా నేను ఇంకే పనీ చెయ్యలేదు.

ఒక రోజు గోడకేసి చూస్తూ తాడు లాగుతున్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. "అత్తా, ఆ రోజు చిలపల తోడు పనిజేస్తదని నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు? మా అత్త చెప్పిన కథ. ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది. గుడ్డల తోడేందని నేను గూడ నవ్వినదాన్నే."

"మరి అన్ని పాలల్ల వేసినవ్? తోడుకోకపోతే?"

"పాలు పోతె రేపు మళ్ళ పిండుకుంట. నాల్గు నెలల కోడలి ఇజ్జత్ ఏ బర్రె ఇస్తది?" అని తాడు గట్టిగా లాగింది. నేను లాగలేకపోయాను. తాడు వదిలేసి ఆమె వీపు మీద పడి ఏడ్చాను. "ఏయ్, వెన్న వింటది" అని డొక్కలో పొడిచింది.

అప్పటికే మా ఇద్దరికీ ఒక అలవాటు ఏర్పడింది. ప్రతి ఉగాదికి ఒక తెల్ల చిలపను కొత్త పెరుగులో ముంచి, ఎండబెట్టి, గుడ్డలో చుట్టి నాకు ఇచ్చేది. పాతది పొయ్యిలో వేసేది. "అబద్ధం ఒక్కసారి ఆడితె అబద్ధమే. ఏటేటా చేస్తె పద్ధతి అయితది" అనేది. ఆమె ఇంట్లో ఉంచుకోవచ్చుగా అంటే, "పారబోసినోళ్ళే భద్రంగ దాస్తరు" అనేది. మేము వాడా విడిచి నీలం నగర్ వచ్చాక కూడా ఉగాది నాడు బొబ్బట్ల డబ్బాతో నేను పోవడం, చిలపతో రావడం ఆగలేదు. ఈ ఉగాదికి ఆమె చేతులు పిండలేకపోయాయి. నేను పిండుతుంటే, "ఇంక గట్టిగ, ఇంక గట్టిగ" అంటూ మంచం మీద నుంచి తిడుతూనే ఉంది. తెలుగులోనే తిట్టింది.

ఒప్పుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆమె ఇచ్చిన తోడు నా ఇంట్లో లేదు. రెండేళ్ళ కింద నాకు ఒంట్లో బాగాలేని నెలలో ఆగిపోయింది, తర్వాత ప్యాకెట్ పెరుగుకు అలవాటు పడ్డాను. చిలప బీరువాలో ఉందిలే అన్న ధీమా. ఆమెకు చెప్పలేదు. చెబితే మరాఠీలో తిట్టేది, అదే నాకు తగినది.

చావు కబురు తెలిశాక పోయాను. పదకొండో రోజు దాటి ఇల్లు శుద్ధి అయ్యాక మళ్ళీ పోయాను. ఆమె మనవడి భార్య నడవాలో ఒంటరిగా కూర్చుని ఉంది. ఈ ఏడెనిమిదేళ్ళుగా కవ్వం పని అంతా ఆ పిల్లదే. తాడు పోయి మోటారు వచ్చింది గానీ తోడు మాత్రం పాతదే. నన్ను చూసి లేచింది.

"అత్తమ్మా, తోడు పోయింది" అంది.

చావు జరిగిన ఇంట్లో పాలు, పెరుగు ఉంచరు. ఊరి నుంచి వచ్చిన పెద్దలు ఆ రోజే కుండలన్నీ తీసి పారబోశారట. ఈ పిల్ల ఏడుస్తూ కూర్చున్నది, చూసుకోలేదు. వాడాలో, గల్లీలో అడిగి వచ్చింది. అందరి ఇళ్ళల్లోనూ ప్యాకెట్లే.

"ఆయన బంద్ చేద్దామంటుండు అత్తమ్మా. తోడే పోయినంక ఇంక ఏం లోణి, ప్యాకెట్ పెరుగు వేసి ముసలమ్మ పేరు మీద అమ్ముదామా అంటుండు. ఆయనది గూడ తప్పు కాదు. కానీ నా చేతుల్ల పోయింది గద. నాలుగు తరాలది, నా చేతుల్ల పోయింది."

ఆ మాట నాకు ఎంత తెలిసిన మాటో ఆ పిల్లకు తెలియదు. "పాలు కాచి పెట్టు బిడ్డా" అన్నాను. ఆటో మాట్లాడుకుని నీలం నగర్ పోయి, బీరువా తీసి, పట్టుచీరల కింద గుడ్డలో చుట్టిన చిలపను పట్టుకుని, ఆ ఆటోలోనే వెనక్కి వచ్చాను. ఇంకా ఎండ ఉంది. దారి పొడుగునా సూర్యుడినే చూశాను. దీపాలు పెట్టకముందే ఆ గడప తొక్కాలి కదా.

చిలపను చూసి ఆ పిల్ల నా ముఖం చూసింది. "గిదేంది అత్తమ్మా, నూలా?"

"మీ ముసలమ్మ ఒక అబద్ధం ఆడింది. గదే గిది" అన్నాను. కథంతా చెప్పాను. ఎడ్లబండి చెప్పాను, రైలు చెప్పాను, ఏడ్చే బిడ్డనూ వదల్లేదు. నా తప్పు కూడా చెప్పాను, మొదటిసారి ఒక మనిషికి. మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది, ఇక ఎవరికి దాయాలి? పిల్ల నోరు తెరుచుకుని విని, చిలపను పాలల్లో వేసి, చద్దరు కప్పింది.

మర్నాడు పొద్దున్నే పోయాను. మనవడు కూడా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్ల మూత తీయకుండా నా కోసం ఆగింది. మూత తీసి, చిలపను తప్పించి, మట్టిగిన్నె నింపింది. చెంచా అందుకోబోయింది.

"చెంచా వద్దు. నా నెత్తి మీద బోర్లించు."

"అయ్యో అత్తమ్మా! మీ మీదనా? పడితే?"

"పడితే నా మీదనే పడాలె" అని ఆ నడవాలోనే, ఆ అరుగు ముందే, తల వంచాను.

కళ్ళు మూసుకున్నాను. మెడ మీద ఒక చెయ్యి ఆనింది. చిన్నది, వెచ్చనిది. అది వణుకుతోంది. ఠక్కున బోర్లించిన చప్పుడు వినిపించింది. నేను మనసులో వంకాయల సంగతి మాట్లాడుకున్నాను.

చాలాసేపటికి, ఆ చెయ్యి వణకడం ఆగింది.

"లేవండి అత్తమ్మా" అంది ఆ పిల్ల. "బతికినం."